చివరి మనిషి వచ్చేదాకా

మారికుప్పం దగ్గర బంగారు గనులు మూతపడ్డాక, మా విశ్వవిద్యాలయంలో ఉపన్యాసమున్నా నాటకమున్నా ఒక పెద్దాయన అక్కడినుంచి రైల్లో వచ్చేవాడు. అయిపోగానే తలుపు దగ్గర నిలబడి, చివరి మనిషి బయటికి వచ్చేదాకా కదిలేవాడు కాదు. గనిలో మేస్త్రీగా ఉన్నప్పటి అలవాటది. ఒకరోజు మాత్రం ఆయన మనుషుల్లో ఒకడు పైకి రాలేదట.

ఒకసారి మా విద్యార్థులు గని ప్రమాదం మీద నాటకం వేశారు. చనిపోయినవాళ్లుగా వేదిక మీద పడుకున్న నలుగురి ముందు తెర పడింది. హాలు ఖాళీ అయింది. ఆయన నిలబడే ఉన్నాడు.

"అందరూ వెళ్లిపోయారండీ," అన్నాను.

"యాడమ్మా? ఆ నలుగురూ ఇంగా లోపలే ఉండారు గదా."

పిల్లల్ని పిలిచాను. ముఖానికి పూసుకున్న మసి తుడుచుకుంటూ వచ్చారు. ఒక్కొక్కరి భుజం తట్టి పంపించాడు.

"వచ్చేసినావా అప్పా," అన్నాడు చివరివాడితో. వాడి భుజం మీంచి చెయ్యి తియ్యలేదు.