బావ మింగని గోలీలు

మా బావకు మాట పడిపోవడానికి ఆయన పొట్టే కారణమని గోదావరిఖనిలో మా కాలనీ అంతా అంటుంది. తిండి ఆపుకోలేదట, బీపీ గోలీలు మరిచిపోయాడట. ఆయన మరిచిపోలేదు. ఆపెయ్యమన్నది నేను.

బావంటే మా అక్క భర్త. బొగ్గుబావిలో దిగి పనిచేసేవాడు. మోకాళ్లు అరిగాయి, బీపీ, షుగరు పట్టుకున్నాయి. ఇక్కడ మెడికల్ బోర్డు ఒకరిని పనికి అన్‌ఫిట్ అని తేలిస్తే ఆ నౌకరీ వాళ్ల పిల్లలకు వస్తుంది. డిగ్రీ చదివి ఇంట్లో ఉన్న బిడ్డ కోసం బావ బోర్డుకు దరఖాస్తు పెట్టుకున్నాడు.

అంతకుముందు దవాఖానకు ఆయన వెంట నేనే వెళ్లాను. డాక్టరమ్మ పొట్ట చుట్టూ టేపు పెట్టి కొలిచింది. లోపలి కొవ్వు ఊరికే పడి ఉండదనీ, అదే హార్మోన్లు వదులుతుందనీ చెప్పింది. వాటిలో కొన్ని బీపీని పెంచుతాయట. మేలు చేసేదొకటి తగ్గిపోతుందట, దాంతో షుగరూ ఎక్కుతుందట. తను రాసిన గోలీ బీపీని దించుతూనే ఆ మంచి హార్మోన్‌కూ కొంత సాయపడొచ్చట. ఎట్టి పరిస్థితిలోనూ ఆపొద్దంది.

బయటికొచ్చాక బావ పొట్ట నిమురుకున్నాడు.

"ఇన్నొద్దులు నేనే దీన్ని మోస్తున్ననుకున్న. ఇదే నన్ను నడిపిస్తుందట గదరా బామ్మర్ది."

ఇద్దరం నవ్వుకున్నాం.

బోర్డు తేదీ దగ్గరపడ్డాక టీ హోటల్ ముందు నేనే మాటెత్తాను. "బావా, గోలి ఏసుకుంటే బీపీ మంచిగ కనబడ్తది. మోకాళ్లు జూసి బావి పైన కూసుండే పని ఇచ్చి పంపిస్తరు. బోర్డు అయ్యేదాక బంద్ పెట్టు."

"డాక్టరమ్మ ఆపొద్దన్నది గద."

"నౌకరి గావాల్సింది డాక్టరమ్మ బిడ్డకా, నీ బిడ్డకా?"

బావ టీ గ్లాసు కింద పెట్టేశాడు. మర్నాటి నుంచి, అక్కకు అనుమానం రాకుండా, రోజూ ఒక గోలీ తీసి మోరీ కాలవలో పారేసేవాడు. ఆ ఉపాయమూ నాదే.

బోర్డు తేదీ ఇంకా రాకముందే స్నానం చేస్తూ కూలబడ్డాడు. కుడివైపు చచ్చుబడింది, మాట పోయింది. బోర్డు ముందుకు కుర్చీలో నెట్టుకెళ్లింది నేనే. ఆయన్ని చూడగానే అన్‌ఫిట్ అని తేలిపోయింది. ఇప్పుడు మేనకోడలు డ్యూటీకి వెళ్తోంది.

రోజూ పొద్దున గోలీ వెయ్యడానికి నేను వెళ్తాను. అక్క ఆయన్ని తిట్టని రోజు లేదు. "ఏసుకున్న ఏసుకున్న అని నాకు అబద్దాలు చెప్పినవ్. నా తమ్ముడు లేకుంటే నిన్నెవలు జూసేటోళ్లు?"

బావ ఎడమచెయ్యి లేపి నన్ను చూపిస్తాడు.

"అవు, వాడే. వానికి దండం పెట్టు" అంటుంది అక్క.

నిన్న ఆ మాట భరించలేక, "అక్కా, ఆయన చెప్పేది అది గాదు" అన్నాను.

"మరేందిరా?"

బావ తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచి నన్ను చూశాడు. గోలీ నా వేళ్ల మధ్య మెత్తబడింది. దాన్ని ఆయన నాలుక మీద పెట్టి నీళ్లు పట్టాను. మూతి పక్కనుంచి కారిన నీళ్లు తుడిచి వచ్చేశాను.

అందుకే ఇది రాశాను. రేపు పొద్దున అక్కకు చదివి వినిపించాలి, బావ ముందే.