కాళహస్తి తర్వాత బస్సు ఆగిన ఇల్లు

రెండువేల పదకొండు చివర్లో నన్ను తిరుపతి స్థానిక ఆలయాల బస్సుకు గైడుగా వేశారు. అంతకు ముందు హార్స్‌లీ కొండకు వెళ్లే వారాంతపు బస్సులో ఉండేవాణ్ణి. మా యాత్రా బస్సుల ఆఫీసులో కొండబస్సు గైడు రెండో తరగతి, గుళ్లబస్సు గైడు మొదటి తరగతి. జీతంలో తేడా పెద్దగా లేదు, కాని కుర్చీలో తేడా ఉండేది. మొదటి తరగతి గైడు కంట్రోలర్ ఎదుట కూర్చుని మాట్లాడవచ్చు.

నేను బడిలో చదివింది పదో తరగతి వరకే. చంద్రగిరి కోట చరిత్ర, శాసనాలు, అరవం చదవడం, ఇవన్నీ లైబ్రరీ బెంచీల మీద కూర్చుని నేర్చుకున్నవి. గొప్పకు చెప్పడం లేదు. గైడంటే చెవిలో పెట్టుకుని వినే యంత్రమని ఇవాళ అనుకునేవాళ్ల కోసం చెబుతున్నాను.

మా బస్సుకు ఒక క్రమం ఉండేది. పొద్దున్నే తిరుచానూరు అమ్మవారు, తర్వాత శ్రీనివాస మంగాపురం, అటునుంచి చంద్రగిరి కోట, మధ్యాహ్నం భోజనం. సాయంత్రానికి కాళహస్తి. అన్నిటికన్నా దూరం కాళహస్తి. మ్యాపు చూసే ఎవరైనా దాన్ని పొద్దున్నే ముగించుకోవాలంటారు. చివర పెట్టడానికి కారణం వేరే. కాళహస్తిలో దర్శనం చేసుకున్నవాళ్లు నేరుగా ఇంటికి వెళ్లాలి, దారిలో మరో గుడి గడప తొక్కకూడదు అని జనం నమ్మకం. ఇది ఏ గ్రంథంలో ఉందో నేను వెతికాను, నాకు దొరకలేదు. దొరక్కపోయినా బస్సులో కూర్చునేది గ్రంథాలు కాదు, మనుషులు. అందుకని పాత గైడ్లు కాళహస్తిని చివర పెట్టారు. దర్శనం అయ్యాక ఓపిక ఉన్నవాళ్లను గుడి పక్కనున్న కన్నప్ప కొండ ఎక్కించి, పొద్దు వాలే వేళ లోయంతా చూపించి, తిరుపతికి తెచ్చి దించేవాళ్లం.

ఆ కొండ మీద నుంచి చూసినవాళ్లకు మళ్లీ చెప్పనక్కర్లేదు. కాళ్ల కింద గోపురాలు, వాటిని ఆనుకుని సువర్ణముఖి. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే, మధ్యలో అక్కడక్కడ అద్దం ముక్కల్లాంటి నీళ్లు. పడమటి దిక్కున నీలంగా శేషాచలం వరస. "ఈ ఏరు చంద్రగిరి కొండల్లో పుట్టి, తిరుచానూరు పక్కనుంచి వచ్చి, ఈడ మీ కాళ్ల కింద పారతా ఉండాది. పొద్దున్నించి మీరు ఏటి వెంబడే వచ్చినారు" అని చెప్పేవాణ్ణి. ఆ మాటతో రోజంతా చూసిన గుళ్లన్నీ ఒక్క దారానికి ఎక్కేవి. ఇప్పుడు అదే కొండ మీద జనం లోయకు వీపు తిప్పి నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. లోయ వాళ్ల తల వెనకాల ఎక్కడో ఉంటుంది.

నేను చేరిన చలికాలంలోనే ఒకరోజు పొద్దున ఈ క్రమం తిరగబడింది. ఎవరో పెద్దమనిషి అమ్మవారి దర్శనానికి, అటునుంచి మంగాపురానికి వస్తున్నాడని తిరుచానూరు, చంద్రగిరి దారులు రెండూ మధ్యాహ్నం దాకా మూసేశారు. దేవుడి దగ్గరికి వెళ్లే దారిని మనిషి కోసం మూయడం నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాదు. కంట్రోలర్ ముందు కాళహస్తికి వెళ్లమన్నాడు. జనం ఒప్పుకోరు సార్ అన్నాను. "పోలీసోళ్లు మూసినారప్పా, నన్నేం జేయమంటావు? రోడ్డు నా జేబులో ఉండాదా?" అన్నాడు. అదీ నిజమే.

బస్సు కదిలాక మైకు తీసుకుని సంగతి చెప్పాను. పట్టింపు ఉన్నవాళ్లు గుడిలోకి వెళ్లవద్దు, నాతో కొండెక్కి గోపుర దర్శనం చేసుకుని దిగండి, మిగతావాళ్లు లోపలికి వెళ్లి రండి అన్నాను. బస్సులో సగం మంది నాతో కొండెక్కారు. కొండ మీది కన్నప్ప గుడి గడప దాటకుండా బయటే నిలబడి లోయ చూసి దిగాం.

కిందికి వచ్చేసరికి బస్సు పక్కన పూలంగడి దగ్గర ఒకామె చతికిలబడి ఉంది. పేరు రెడ్డెమ్మ, ఊరు పుంగనూరు పక్కన. ఒళ్లో ఎర్రటి గుడ్డసంచి. పక్కనే కర్ర ఊతగా నిలబడిన ఆమె భర్త చెంగల్రాయుడు. దర్శనం ముగించుకుని వచ్చి పూలు కొనబోతే పూలామె అడిగిందట, "ఇంగ నేరుగా ఇంటికేనా అమ్మా?" అని. తిరుచానూరు పోవాల అని ఈమె అంటే, "అయ్యో, ఈడ్నించి ఇంగో గుడికి పోగూడదు గదా" అందట పూలామె. అక్కడే కూలబడిపోయింది.

"ముందే చెప్పగూడదా గైడప్పా?" అంది నన్ను చూడగానే.

"మైకులో చెప్పినాను తల్లీ."

"మైకులో చెప్తే? ఆయప్ప కిటికీలో తల పెట్టి కక్కతా ఉంటే నేను నీ మైకు ఇనుకుంటా కూసోవాల్నా?"

 ఆ సంచిలో ఏముందో చెంగల్రాయుడు చెప్పాడు. ముందటేడు ఆయనకు ఒక పక్క పడిపోయింది. మంచం దిగి నడిస్తే తిరుచానూరు అమ్మవారికి పట్టుచీర పెడతానని ఆమె మొక్కుకుంది. ఆయన నడిచాడు. ఆ నడిచే మనిషిని వెంటబెట్టుకునే చీర ఇవ్వాలని మొక్కు. అందుకే ఈ ప్రయాణం. మళ్లీ ఊరికి పోయి ఇంకోసారి రావాలంటే ఆయన ఒళ్లు తట్టుకోదు. పుంగనూరు నుంచి తిరుపతికి వచ్చేసరికే రెండుసార్లు దారిలో దించి పడుకోబెట్టవలసి వచ్చిందట.

"మొక్కు చీర మళ్లీ ఇంటికి మోసకపోవాల్నా? మోసకపోయి యాడ బెట్టేది? కట్టుకునేది గాదు, దాచిపెట్టేది గాదు" అంది రెడ్డెమ్మ.

ముందు సీటాయన, మెడలో కెమెరా వేసుకున్న ఉద్యోగి, కిందికి దిగి వచ్చాడు. ఇవన్నీ మనసులో పెట్టుకోవద్దని ఆమెకు చెప్పాడు. మనిషి మంచివాడే, కాని ఆ మాట అక్కడ పనికిరాలేదు. "నీకు పట్టింపు లేకపోతే నువ్వు పో నాయనా, నన్నెందుకు పొమ్మంటావు?" అని ఒక్క ముక్కతో ఆయన్ని బస్సెక్కించింది.

మా డ్రైవరు మస్తాన్ అంతసేపూ టైర్లు తట్టి చూసుకుంటున్నాడు. చేతులు తుడుచుకుంటూ వచ్చి అడిగాడు. "సామీ, ఈడ్నించి యాడికి పోవాలంట?"

"ఇంటికి."

"ఎవురింటికి అని ఉండాదా?"

ఎవరిల్లని ఎవరూ చెప్పరు, ఇంటికనే చెబుతారు అన్నాను.

"అట్లయితే మా ఇంటికి పోదాం. రేణిగుంట దారిలోనే గదా" అన్నాడు. ఆమె వైపు తిరిగి, "అమ్మా, మాదీ ఇల్లేనమ్మా. పైకప్పు కురస్తాది గాని, ఇల్లే" అన్నాడు.

నేను రూల్సు ఎరిగినవాణ్ణి. షెడ్యూలులో లేనిచోట బస్సు ఆపితే గైడుకు మెమో వస్తుంది. కాని ప్రతి ట్రిప్పుకూ ఒక టీ స్టాప్ ఉంటుంది. అది ఎక్కడివ్వాలన్నది గైడు ఇష్టం. ఆ ఇష్టాన్ని అందరం హైవే మీద ఒకే హోటలుకు ఇచ్చేశాం. అక్కడ ఆపితే డ్రైవరుకూ గైడుకూ టిఫిను ఊరికే పెట్టేవాళ్లు. అన్ని యాత్రా బస్సులకూ ఉన్న ఆచారమే. ఆ రోజు నా ఇష్టాన్ని నేను వెనక్కి తీసుకున్నాను. బస్సెక్కి మైకులో చెప్పాను, ఇవాళ టీ రేణిగుంటలో అని.

మస్తాన్ ఇల్లు రైల్వే గేటు అవతల సందులో. బస్సు సందులోకి పట్టదు కాబట్టి మొగలో నిలిపాం. ముందు మస్తాన్, వెనక రెడ్డెమ్మ దంపతులు, వాళ్ల వెనక నేను, మా వెనక టీ కోసం వచ్చిన మిగతా బస్సు. మస్తాన్ భార్య నూర్జహాన్ వాకిట్లో మిరపకాయలు ఆరబోస్తూ తలెత్తి చూసి నివ్వెరపోయింది.

"పెండ్లివారినేమన్నా పిల్చుకొచ్చినావా?" అని మొగుణ్ణి అడిగింది. సంగతి విని, "ఫోను ఉండేది దేనికి, జేబులో బరువుకా? ఇల్లు ఊడ్సుకునేదాన్ని గదా" అని మస్తాన్‌ను తిడుతూనే చెంబుతో నీళ్లు తెచ్చి రెడ్డెమ్మ చేతికిచ్చింది.

రెడ్డెమ్మ కాళ్లు కడుక్కుంది. లోపలికి వచ్చి మంచం అంచున కూర్చుంది. సంచి ఒళ్లోంచి దించలేదు. ముఖం తేటపడలేదు.

"ఏమక్కా, ఇంగా ఏముండాది?" అంది నూర్జహాన్.

"ఏం లేదు చెల్లా. మీరు మంచోళ్లు. గాని సుట్టం మాదిరి వచ్చి మంచం మీద కూసోని పోతే అది మన ఇంటికి పోయినట్టయితాదా అని."

 ఆమె అడిగిన దాంట్లో తప్పు లేదు. నిజానికి ఆ రోజు అందరం తప్పించుకున్న ప్రశ్న అదే. 

నూర్జహాన్ మాత్రం తడుముకోలేదు. "అయితే సుట్టం మాదిరి కూసోవద్దు. లే. పాలు ఆ గిన్నెలో ఉండాయి, టీపొడి పైగూట్లో. ఇంత మందికి నేనొక్కదాన్నే యాడ పెట్టేది? పొయ్యి ముట్టిచ్చు" అంది.

 రెడ్డెమ్మ సంచి తీసి భర్త చేతికిచ్చింది. కొంగు నడుముకు దోపి వంటింట్లోకి వెళ్లింది. లోపలినుంచి అగ్గిపుల్ల గీసిన చప్పుడు, ఆ వెంటనే రెడ్డెమ్మ గొంతు. "ఏం చెల్లా, చక్కెర డబ్బాలో చీమలు కాపరం పెట్టినాయే! ఇంత పెద్ద కట్టెలపొయ్యి పెట్టుకోని ఒక ఎండుపుల్లకు దిక్కు లేదా, గ్యాసు అయిపోతే ఏం జేస్తావు?" తర్వాత ఆ ఇంటి గిన్నెలు సర్దిన తీరు మీద మరో నాలుగు మాటలు.

బయట చెంగల్రాయుడు నా వైపు చూసి నవ్వాడు. ఒక పక్క పడిపోయిన మూతితో వంకరగా, కాని నిండుగా. "ఇంగ ఇల్లే సామీ. తిట్టడం మొదలుపెట్టింది" అన్నాడు.

బస్సంతా వాకిట్లో నిలబడి టీ తాగింది. అల్లం కాస్త ఎక్కువైంది. కెమెరా ఆయన రెండోసారి అడిగి పోయించుకున్నాడు. మధ్యాహ్నం దాటాక తిరుచానూరు దారి తెరిచారు. రెడ్డెమ్మ భర్త చెయ్యి పట్టుకుని నడిపించి చీర సమర్పించి వచ్చింది. బయటికి వచ్చిన ఆమె చేతిలో ఎర్రసంచి ఖాళీగా మడత పెట్టి ఉంది. నాకు ప్రసాదం పెట్టింది. మస్తాన్‌కు ఇంకొంచెం ఎక్కువ పెట్టింది.

మంగాపురం చూసుకుని పొద్దు గుంకేముందు చంద్రగిరి చేరాం. రాజమహల్ ముందు పచ్చిక మీద చెంగల్రాయుణ్ణి కూర్చోబెట్టి, ఇది రాజు మహలు, అది రాణి మహలు అని చూపిస్తున్నాను. వెనక కొండ మీద కోటగోడ ఎండకు రాగిరంగు తిరిగింది. "ఆ రాజులకు మొగుడికొక ఇల్లు, పెండ్లానికొక ఇల్లు. మాకు సూడు, ఇద్దరికీ కలిపి రెండిండ్లు" అన్నాడు. నా ఉద్యోగంలో ఆ మహలు ముందు ఎందరికో చెప్పాను. మహలు గురించి నాకు ఒకరు చెప్పింది ఆ ఒక్కసారే.

మెమో వచ్చింది. బస్సు ఆగలేదేమని హైవే హోటలాయన కంట్రోలర్‌కు ఫిర్యాదు చేశాడు. టీ స్టాప్ టీ ఉన్నచోటే ఇచ్చానని జవాబు రాశాను. కంట్రోలర్ చదివి, నన్ను ఎదుటి కుర్చీలో కూర్చోమని, "ఆమె చీర ఇచ్చిందా?" అని అడిగాడు. ఇచ్చింది సార్ అన్నాను. కాగితం ఫైల్లో పెట్టాడు. తర్వాత దాని ఊసు రాలేదు.

నేను రిటైరయ్యేదాకా కాళహస్తికి తప్పనిసరిగా ముందు వెళ్లాల్సి వస్తే టీ స్టాప్ రేణిగుంటలోనే ఇచ్చాను. పట్టింపు ఉన్నవాళ్లు నూర్జహాన్ వంటింట్లోకి వెళ్లి పొయ్యి ముట్టించి వచ్చేవాళ్లు. ఇప్పటి వ్యాన్లు ఫోన్లో కిలోమీటర్లు చూసుకుని కాళహస్తిని పొద్దున్నే ముగించి మధ్యాహ్నానికి మరో నాలుగు గుళ్లు తిప్పుతున్నాయి. ఎక్కినవాళ్లు ఎక్కడ ఎందుకు మొహం చిన్నబుచ్చుకున్నారో అడిగేవాళ్లు లేరు.

ఆ పని నాకు నేర్పింది ఇది. గైడు గుళ్ల క్రమం ఎరిగి ఉండాలి. క్రమం తప్పినప్పుడు బస్సులో ఎవరు ఏ మొక్కు మోసుకొచ్చారో కిందికి దిగి ఒక్కొక్కరినీ అడగాలి. మైకులో చెప్పింది చెప్పినట్టు కాదు.