గంగమణి అనని మాట

పన్నెండేళ్లుగా ఒక వాక్యం నాకు గుదిబండ అయి కూర్చుంది. మీరూ ఎక్కడో ఒకచోట చదివే ఉంటారు. కొందరు దాన్ని పెళ్లి పత్రికల మీద వేయించుకున్నారు. కొందరు పొద్దున్నే దేవుడి బొమ్మ పక్కన పెట్టి ఫోన్లలో పంపుతుంటారు. 'ఈ ఒక్క పొయ్యి చాలు, వేరే ఇల్లు మాకొద్దు.' బీర్కూర్ దగ్గర ఒక ఊళ్లో ఉమ్మడి కుటుంబంలోని నడిపి కోడలు ఈ మాట అన్నదని నా వ్యాసంలో రాశాను.

ఆమె అనలేదు.

ఇంత చిన్న మాట చెప్పడానికి పన్నెండేళ్లు పట్టింది. ఆమెను ఇక్కడ గంగమణి అంటాను. అసలు పేరును పత్రికలో ఒకసారి వాడుకున్నాను, అది చాలు.

నేను బాన్సువాడవాణ్ణి. రాజకీయ వ్యాసాలు రాస్తాను, టీవీ చర్చల్లో కూర్చుంటాను. కుటుంబం, కట్టుబాటు, పెద్దల మాట, వీటి తరఫున వాదించడం నా పని. సంప్రదాయవాది అంటారు నన్ను, కొందరు మెచ్చుకోలుగా, కొందరు తిట్టుగా. ఇప్పటికీ ఉమ్మడి కుటుంబం మంచిదనే నమ్ముతాను. నా బాధ అది కాదు. నమ్మినదానికి సాక్ష్యం దొరక్కపోతే, చేతికందిన మనిషిని పట్టుకుని నోట్లో మాట కుక్కి సాక్షిగా నిలబెట్టానే, అదీ బాధ. పైగా నేను పెళ్లయిన రెండేళ్లకే అన్నల నుంచి వేరుపడ్డవాణ్ణి. నవ్వొస్తోందా? మొదట్లో నాకూ వచ్చేది.

అప్పటికి నేను జిల్లా పేజీలో ఎవరూ చదవని వ్యాసాలు రాసేవాణ్ణి. అలాంటి ఒక వ్యాసం కోసమే ఆ ఇంటికి వెళ్లాను. ఆ ఇంట్లో పందొమ్మిది మంది, ఒకే వంట. వరీ, చెరుకూ పండించేవాళ్లు. ఇంటి పెద్దాయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టించాడు. తిన్నాక చేతులు కడుక్కోవడానికి వెనక వాకిట్లోకి వెళ్లాను. గంగమణి చెంబుతో నీళ్లు పోస్తూ, తలెత్తకుండానే అడిగింది.

"అన్నా, మా ఇంటి గురించి పేపర్ల రాస్తున్నవంట?"

"అవునమ్మా. మంచిగనే రాస్త."

"ఇప్పుడే రాయకు అన్నా. వచ్చే నెల మేం వేరు పడుతున్నం. బాన్సువాడల రూం కిరాయికి మాట్లాడుకున్నం. నా బిడ్డకు పదిల మంచి మార్కులొచ్చినయ్. కాలేజికి రోజు బస్సుల పోతనంటే మా మామ పోనియ్యడు. పరీక్షల ముందల్నుంచి ఆర్నెల్లు బతిమిలాడితే ఇగ ఇప్పుడు వేరు పడనీకె సరే అన్నడు. నువ్వు గొప్పగ రాస్తివనుకో, మళ్ల మనసు మార్చుకుంటడు."

"ఏం గాదు. ఫికర్ చెయ్యకు."

"మాక్కూడ ఓ పొయ్యి గావాలె అన్నా. గంతే."

ఫికర్ చేయొద్దన్నాను. అన్నవాణ్ణి నేనే. ఆ మధ్యాహ్నమే బస్టాండు ఎదురుగా ఉన్న ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని వ్యాసం మొత్తం కొట్టి పంపించాను. ఆమె చెప్పింది ఒక నెల మాటే కదా, ఆగితే ఏం పోయేది? నెల ఆగితే ఆ ఇంట్లో రెండో పొయ్యి వెలిగేది, నా వ్యాసం పోయేది. అది నాకు తెలుసు. తెలిసే పంపాను.

సాయంత్రం డెస్క్ నుంచి ఫోన్. అంతా బాగుంది కానీ ఇంటి ఆడవాళ్ల మాట ఒక్కటీ లేదు, అది లేకపోతే ఆదివారం పేజీకి పనికిరాదు, తొందరగా చెప్పమన్నారు. మాకు అదొక పద్ధతి. కుటుంబం మీద ఏది రాసినా ఆడమనిషి నోటి మాట ఒకటి పడాలి. లేదని చెప్పొచ్చు. ఉన్న మాట చెప్పొచ్చు. నేను అర నిమిషం ఆలోచించి, ఫోన్లోనే ఆ వాక్యం చెప్పాను. ఎవరన్నారని అడిగారు. ఆ ఇంటి ఆడవాళ్లలో నాకు పేరు తెలిసింది ఆమె ఒక్కదానిదే. నన్ను నమ్మి మాట్లాడింది కాబట్టి తెలిసింది. ఆ పేరే ఇచ్చాను.

వ్యాసానికి ఎక్కడలేని పేరొచ్చింది. పదకొండు రోజులకు బాన్సువాడలో ఆ కుటుంబానికి సన్మానం పెట్టారు. పెద్దాయనకు శాలువా కప్పారు, నా వ్యాసాన్ని ఫ్రేము కట్టి ఇచ్చారు. నన్నూ వేదిక మీద కూర్చోబెట్టారు. అంతటితో ఆగలేదు. గంగమణిని పైకి పిలిచి, ఆ మాట నీ నోటితో చెప్పమ్మా అని మైకు చేతికిచ్చారు. పక్కనే మామ. ముందు వరుసలో కూతురు, తల్లి వైపే చూస్తూ. వాళ్లమ్మ నిజంగానే ఆ మాట అన్నదని ఆ పిల్ల నమ్మినట్టుంది, ముఖం అంతగా పాలిపోయి ఉంది. గంగమణి నా వైపు ఒకసారి చూసింది. తిట్టే చూపు కాదు. ఇప్పుడైనా నోరు విప్పుతాడేమో అని చూసినట్టుంది. నేను కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. ఆమె ఆ వాక్యాన్ని పొల్లు పోకుండా చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఇంత పేరొచ్చాక ఇంకో పొయ్యి పెడితే నలుగురిలో ఏం ముఖం పెట్టుకోవాలి అన్నాడట పెద్దాయన. మాట్లాడుకున్న రూం వేరేవాళ్లకు పోయింది. కూతురు కాలేజీలో చేరలేదు. రెండేళ్లకు మద్నూర్ వైపు ఇచ్చి పెళ్లి చేశారు. నాకు మాత్రం హైదరాబాద్ నుంచి పిలుపొచ్చింది, టీవీలో కుర్చీ దొరికింది. ఇవాళ్టికీ యాంకర్లు ఆ వాక్యం చదివి గానీ నన్ను పరిచయం చేయరు. ఇంకెన్ని రాశాను! అవన్నీ గాలికి పోయాయి. నేను కల్పించిన ఒక్కటే మిగిలింది. చిరాకు కాదూ?

ఇన్నాళ్లూ నాకు నేను ఒక సమాధానం చెప్పుకుంటూ వచ్చాను. ఆమే అన్నది కదా, మైకులో, అంతమంది విన్నారు కదా అని. అన్నది నిజమే. నేను అచ్చు వేయించిన పదకొండు రోజులకు అన్నది. ముందు రాసిందెవడు? ఆ మాట తనది కాదని చెప్పడానికి ఆ పూట ఆమెకు నేను తప్ప ఇంకో సాక్షి ఎవరున్నారు?

ఇప్పుడు నా వ్యాసాలు పుస్తకంగా వేస్తామంటున్నారు. మొదటి వ్యాసం అదే. ప్రూఫులు నా బల్ల మీదే ఉన్నాయి. ఆ వాక్యం కొట్టేశాను. అది పోతే వ్యాసం నిలబడటం లేదని మళ్లీ రాశాను. మళ్లీ కొట్టేశాను. చివరికి పేజీలన్నీ పక్కకు నెట్టి మీకు ఇది రాస్తున్నాను, అదీ పేరు లేకుండా, పోల్చుకునేవాళ్లు పోల్చుకుంటారని తెలిసీ. ఆమె పేరు పెట్టి అబద్ధం రాసినవాణ్ణి, నా పేరు దాచుకుని నిజం రాస్తున్నాను. అంతే నా ధైర్యం. రాస్తుంటే గుండె కాస్త తేలికపడిన మాట నిజం. దానికీ సిగ్గుగానే ఉంది, ఎందుకంటే గంగమణి ఇంకా ఆ పొయ్యి దగ్గరే ఉంది.

క్షమించమని అడగను. ఆ రోజు పేజీలో పడాల్సిన మాటను మాత్రం ఇక్కడ పెడుతున్నాను. "మాక్కూడ ఓ పొయ్యి గావాలె అన్నా. గంతే." ఆమె అన్నది ఇది. నేను విన్నాను.