యుద్ధం చేసొచ్చిన డ్రైవింగ్ మాస్టారు

ఐర్లండ్‌లోని బాలింకాలిగ్‌లో నాకు డ్రైవింగ్ నేర్పినాయన అంతకుముందు సిరియా వెళ్లి, ఎవరి తరఫునో యుద్ధం చేసొచ్చాడు. ఆ సంగతి కొన్ని క్లాసులయ్యాక మా చర్చి ఆంటీ చెబితే తెలిసింది.

"ఏమ్మా, ఆ ఐరిష్ ఆయన కార్లో ఒక్కదానివే ఎక్కుతున్నావంట? అక్కడ వీళ్ల జట్టోళ్లు చేతులు కట్టేసి జనాన్ని కాల్చేశారంట. వీడియో తిరుగుతా ఉంది" అంది, నా పళ్లెంలో బిర్యానీ వడ్డిస్తూ.

వీడియో చూశాను. మసక మసగ్గా ఓ గోడ, మొహాలకు గుడ్డలు కట్టుకున్న నలుగురైదుగురు. అందులో ఎవరైనా ఉండొచ్చు. మా ఆయన కూడా ఉండొచ్చు.

మా ఆయన మాత్రం, "యుద్ధంలోంచి బతికొచ్చాడుగా, నీ డ్రైవింగ్‌కి తట్టుకుంటాడులే" అన్నాడు.

నిజానికి అంత నెమ్మదైన మనిషిని నేను చూడలేదు. నేను పనిచేసే నర్సింగ్ హోంలో మేనేజరు టీ చల్లారితేనే ఇల్లు పీకి పందిరేస్తుంది. ఈయన, నేను రౌండబౌట్‌లో లారీకి అడ్డం దూరినా, "గ్రాండ్, గ్రాండ్, ఇప్పుడు కాస్త బ్రేకు" అనేవాడు. ఇక్కడ గ్రాండ్ అంటే పర్లేదని. హంతకుడు ఇలా ఉంటాడా అనుకునేదాన్ని. హంతకులెలా ఉంటారో నాకేం తెలుసు అనీ అనుకునేదాన్ని. ఈ రెండూ ఒకేసారి అనుకుంటే గేరు పడదు.

ఓ రోజు సూపర్‌మార్కెట్ కార్ పార్కులో రివర్స్ నేర్పుతుంటే అడిగేశాను.

"ఆ వీడియోలో ఉన్నది మీరేనా?"

"కాదు. అద్దం చూసుకో."

చూసుకున్నాను. "అసలెందుకు వెళ్లారు?"

"టీవీలో అక్కడి పిల్లల్ని చూసి ఏడ్చాను. ఒక్క మంచి పనైనా చేద్దామనిపించింది. తీరా వెళితే లారీ ఇచ్చారు."

"మరి చంపినవాళ్లు?"

ఆయన వెనకున్న ట్రాలీల వరస చూసుకోమని వేలు చూపించాడు. "చంపడం నేను చూడలేదు. పొద్దున ఆ చేతులు కట్టేసి ఉన్నవాళ్లని లారీలో తెచ్చి దింపింది నేనే. సాయంత్రం ఖాళీ లారీ తోలుకొచ్చాను. వాళ్లేమయ్యారని ఎవర్నీ అడగలేదు."

నేను కారుతో వెనక్కెళ్లి ఆ ట్రాలీలను గుద్దాను.

"పోలీసులకు చెప్పారా?"

"గార్డులకా?" అన్నాడు; ఇక్కడ పోలీసుల్ని అలాగే అంటారు. "చెప్పాను. రాసుకున్నారు. మళ్లీ పిలుస్తామన్నారు."

తరవాత ఒక్క క్లాసుకే వెళ్లగలిగాను. వెనక సీటు నిండా మనుషులున్నట్టనిపించి అద్దంలోకి చూడలేకపోయాను. ఇంకో ఆవిడ దగ్గర చేరాను. ఆమె ప్రతి మలుపుకీ దేవుణ్ణి పిలిచేది. ఆ దేవుడు పలికినట్టే ఉన్నాడు, టెస్టు పాసయ్యాను.

ఈమధ్య మాస్టారు అదే సూపర్‌మార్కెట్‌లో కూరగాయల దగ్గర కనబడ్డాడు.

"పాసయ్యావా?"

"అయ్యాను. మీ సంగతేంటి?"

"గార్డులు ఇంకా పిలవలేదు" అని, ఉల్లిపాయల సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని నిలబడ్డాడు. ఉల్లిపాయలు పక్క దుకాణంలో బావుంటాయని చెప్పి వచ్చేశాను.