తొలి నీళ్ళు తొట్టికి

మా చీనీ తోట, అంటే బత్తాయి తోట, దారి పక్కనే ఉంటుంది. కంచెకు బయట ఒక రాతి తొట్టి ఉంది. మా మామ బావి తవ్వించిన ఏడాదే దాన్ని వేయించాడు. ఆ బావి ఎండిపోయింది, దాని బదులు బోరు వచ్చింది, తొట్టి మాత్రం అక్కడే ఉంది. వేసవిలో మడకశిర వైపు నుంచి గొర్రెల మందలు మేత వెతుక్కుంటూ మా దారినే వస్తాయి. అందుకని మోటారు వేయగానే తొలి నీళ్ళు తొట్టికి పోవాలి. అది నిండాకే చెట్లకు. ఇది మా ఇంట్లో ఎవరూ ఎవరికీ నేర్పింది కాదు. నేను కోడలిగా వచ్చిన నాటి నుంచి జరుగుతున్నదే.

అలాగని నేను చేతికి ఎముక లేని మనిషిని కాను. మా ఇంట్లో ముఖం కడుక్కునేవాళ్ళు కరివేపాకు చెట్టు మొదట్లో నిలబడి కడుక్కోవాలి. వియ్యంకుడైనా సరే. బియ్యం కడిగిన నీళ్ళు బర్రెకు, గిన్నెలు తోమిన నీళ్ళు అరటికి. మా కోడలు పుట్టింట్లో నా గురించి ఏమని చెబుతుందో నాకు తెలుసు. చెప్పుకోనీ.

మొన్నటి వేసవిలో బోరు బాగా తగ్గింది. పైపు నిండా వచ్చే నీళ్ళు సన్నగిల్లాయి, అవీ మధ్యమధ్య ఆగిపోయి గాలి వచ్చేది. చీనీ ఆకులు ముడుచుకున్నాయి. పిందె రాలింది. తోట చూసుకునే నా కొడుక్కి అన్నం సహించలేదు. ఒక పొద్దున తొట్టికి పోయే వాల్వు కట్టేసి, ఎవరూ తిప్పకుండా దానికి తీగ కూడా చుట్టాడు.

“యేమిరా, తొట్టికి కట్టేసినావు?”

“చెట్లే చస్తాండాయి మా. బోరు మన పట్టాలో ఉండాది, మోటారు మనది. ఎవరి గొర్రెలకో నీళ్ళు పొయ్యల్లని యే చట్టంలో ఉండాది?”

“నీకు పాలియ్యమని నాకు యే చట్టం చెప్పిందిరా?”

“నన్ను గొర్రెతో కలపద్దు.”

“గొర్రె నయం. తాగి గమ్మున పోతాది.”

నేను బడికి పోయింది మూడో తరగతి దాకానే. చట్టాల సంగతి నాకు తెలియదు. వాడు చెప్పింది నిజమే అయి ఉంటుంది. తొట్టి ఎందుకు ఎండిందని ఏ అధికారీ వచ్చి అడగడు. అదే నాకు గుచ్చుకుంది. అడిగేవాడుంటే ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు, అడిగేవాడే లేకపోతే ఎవరికి చెప్పేది? కానీ చెట్ల వైపు చూస్తే వాడినీ తప్పు పట్టలేకపోయాను. ఆ రోజుకు ఊరుకున్నాను.

ఆ వారంలోనే మంద వచ్చింది. మిట్టమధ్యాహ్నం. ఏటా వచ్చే ముసలాయనే, భుజాన గొంగడి, చేతిలో కర్ర. తొట్టి కనబడగానే గొర్రెలు పరుగెత్తాయి. ఖాళీ తొట్టిలో మూతులు పెట్టి రాయిని నాకాయి. ఒకటి లోపలికే దిగి నిలబడింది. చాలావరకు చూడి గొర్రెలు. ఇంకోచోట నీళ్ళు దొరకాలంటే పొద్దు గూకేదాకా నడవాలి.

ఆయన నీళ్ళు అడగలేదు. తొట్టి దగ్గర నోరు తెరిచి అడగడం గొర్రెలవాళ్ళలో లేదు. కర్ర మీద గడ్డం ఆనించి నిలబడ్డాడు. మా కోడలు చెంబుతో నీళ్ళు తీసుకుపోయింది.

“తాగు పెద్దాయనా.”

“మంద తాగినాక తాగుతా తల్లీ.”

చెంబు అందుకోలేదు. పెదవులు పగిలి ఉన్నాయి.

అది చూసి, మోటారు దగ్గరున్న నా కొడుకు మెత్తబడ్డాడు. అయినా లెక్క చూసుకునే బుద్ధి పోదు కదా. “ఒక పని చెయ్ పెద్దాయనా,” అన్నాడు. “ఈ పూట మా బీడు చేన్లో మంద పెట్టు. ఎరువు మాకు, నీళ్ళు నీకు. సరిపాయ.”

మందను చేనులో పడుకోబెడితే ఆ పెంటకు నేల సత్తువ పడుతుంది. అందుకు గొర్రెలవాళ్ళకు గింజలు కొలవడం మా వైపు అలవాటే. మావాడు న్యాయమైన బేరమే చెప్పాననుకున్నాడు.

“మంద పెట్టమంటే పెడతా నాయనా,” అన్నాడు ముసలాయన. “దానికి గింజలు అడుగుతా, బేరమాడతా, తక్కువిస్తే తిడతా. నీళ్ళకు బేరం యాడన్నా ఉండాదా? మా నాయన ఈ తొట్టిలోనే తాపినాడు, నేనూ తాపినా. ఇయ్యాల నేను బేరానికి ఒప్పుకుంటే, నా ఎనక ఈ తోవన వచ్చేవాళ్ళందరికీ బేరం నేర్పినట్లు గాదా?”

ఈల వేసి మందను మళ్ళించబోయాడు. గొర్రెలు కదలలేదు. తొట్టిలో దిగిన దాన్ని రెండు చేతులా ఎత్తి కిందికి దించాడు. చెట్టు నీడన కూర్చున్నదాన్ని ఇక కూర్చోలేక లేచాను.

“ఉండప్పా,” అని, కొడుకు వైపు తిరిగాను. “తీగ విప్పురా.”

“విప్పితే చెట్లు?”

“తూర్పు వరుసకు నీళ్ళు ఆపెయ్.”

వాడు నా ముఖంలోకి చూశాడు. తోటలో అన్నిటికన్నా ముందు నాటిన వరుస అది. కాపు తగ్గిపోయింది గానీ, తాగే నీళ్ళు తగ్గలేదు.

“అవి నువ్వు బిందెలతో నీళ్ళు మోసి పెంచినవి కదమా.”

“అందుకే నేను చెప్తాండా. నువ్వు చెప్పింటే ఒప్పుకునేదాన్ని కాదు. వాటి వంతు తొట్టికి పొయ్. మిగతా చెట్ల మొదళ్ళకు సెనక్కాయ పొట్టు కప్పు, తడి నిలుస్తాది. పెరట్లో పడుండాది గదా.”

“పొయ్యిలోకని దాచినావే, ఆ పొట్టా? మొన్న ఒక బుట్ట అడిగితే ఇయ్యకపోతివి!”

“ఇప్పుడు ఇస్తాండా. మనసు మారకముందే ఎత్తుకో.”

మోటారు నడుస్తూనే ఉంది. వాడు తీగ విప్పి వాల్వు తిప్పాడు. మొదట గాలి బుసకొట్టింది, తర్వాత ఎర్రనీళ్ళు, తర్వాత మంచినీళ్ళు. గొర్రెలు ఒకదాని మీద ఒకటి పడి తాగాయి. ముసలాయన చివరి గొర్రె తల ఎత్తేదాకా ఆగి, అప్పుడు చెంబు అందుకుని గటగటా తాగాడు. మూతి తుడుచుకుని తొట్టిలోకి వంగి చూశాడు.

“అక్కా, అడుగున పాచి అట్టలు కట్టిండాది. వేసవికి ముందే కడగల్ల. మీ మామ ఉన్నప్పుడు ఇట్ల ఉండేది కాదు.”

మా కోడలికి ఒళ్ళు మండింది. “నీళ్ళిచ్చి మాటలు కూడా పడల్లనా అత్తా!”

నాకు మాత్రం ఆ మాట చల్లగా తగిలింది. దయతలచి ఇచ్చిన చోట ఎవరూ అలా మాట్లాడరు. తనకు రావలసింది వచ్చిన చోటే వంక పెడతారు.

“కడిగేకి నీళ్ళు యాడుండాయప్పా?” అన్నాను. “ఇంగ రెండు నాళ్ళు నీ గొర్రెల్ని నాకనిచ్చింటే ఆ పాచి అదే పోయేది.”

ఆయన పళ్ళు లేని నోటితో నవ్వి మందను తోలుకుపోయాడు.

ఆ వేసవిలో తూర్పు వరుస ఎండిపోయింది. నరికించి కట్టెలు పేర్పించుకున్నాను. మిగతా తోట బతికింది. కాపు కొంచెమే, అయినా బతికింది. ఖాళీ అయిన చోట వానలకు అలసందలు చల్లాం. నా కొడుకు ఇంటి మీది ట్యాంకుల్లో వేసే తేలే బంతి ఒకటి తెచ్చి తొట్టిలో బిగించాడు. తొట్టి నిండితే నీళ్ళు వాటంతట అవే ఆగిపోతాయి. ఇన్నేళ్ళుగా పొంగి దారిన పోయిన నీళ్ళు తలచుకుని వాణ్ణి నిలదీశాను.

“ఈ తెలివి ముందే యాడబోయిందిరా?”

“తెలివి ఉన్నింది మా. కొనేకి నువ్వు దుడ్లు ఇయ్యలేదు.”

ఇప్పుడు కరెంటు రాగానే మోటారు వేసేది వాడే. బంతి పైకి తేలేదాకా తొట్టి దగ్గర నిలబడతాడు. ఆ తర్వాతే చెట్ల వైపు నడుస్తాడు.