ఇసుక మేట మీద ఇచ్చిన మాట

పోయిన ఆదివారం మా మనవరాలు తాను డేటింగులో ఉన్న కుర్రాణ్ణి మా ఇంటికి భోజనానికి తీసుకొచ్చింది. ఆ మాట అది నా ఎదుటే, మజ్జిగ కావాలా అన్నంత మామూలుగా అనేసింది కాబట్టి నేనూ అంతే మామూలుగా రాస్తున్నాను గానీ, చెవిన పడ్డప్పుడు మాత్రం పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకుని కాసేపు రాజమండ్రి ఎండకేసి చూస్తూ కూర్చున్నాను. కుర్రాడు మంచివాడే, నాతో అండీ లేకుండా ఒక్క మాటా మాట్లాడలేదు. అయితే వడ్డనల దగ్గర మా పిల్ల అతన్ని “ఇంకొంచెం పులుసు వేసుకోరా” అంటే, అతను దాన్ని “చాల్రా” అన్నాడు. ఆడపిల్లని రా అనడం నేను వినడం అదే మొదలు. తిన్నాక రెండు కంచాలూ అతనే తీసుకెళ్ళి సింకులో కడుగుతుంటే మా ఆవిడ వద్దు బాబూ, వద్దు బాబూ అంటూ వెనకాలే పరుగెత్తింది. నేను కదల్లేదు. అప్పటికే నేను గోదావరి మీద ఉన్నాను.

మీలో లంక గ్రామాల్లో ఉద్యోగం చేసినవాళ్ళుంటే ఆ పడవ ప్రయాణం ఎలాంటిదో చెప్పక్కర్లేదు. పొద్దున్నే రేవులో ఎక్కితే, ఏటి మధ్యనున్న మా లంక చేరడానికి అరగంట పట్టేది, నేను పాఠాలు చెప్పే బడి అక్కడే. పాల క్యాన్లూ, ఖాళీ వంకాయ గంపలూ, వాటి మధ్య మనుషులూ, ఆడవాళ్ళంతా పడవకి ముందువైపు, మగవాళ్ళంతా వెనకవైపు. ఆ ముందువైపే, గొడుగూ క్యారియరూ పట్టుకుని, మా బడి టీచరు గారు కూర్చునేవారు. చలికాలంలో మంచు ఎంత దట్టంగా పట్టేదంటే, గట్టూ కనబడేది కాదు, లంకా కనబడేది కాదు, తెడ్డు నీళ్ళలో పడే చప్పుడు తప్ప లోకంలో ఇంకేమీ మిగిలేది కాదు, ఆ తెల్లదనంలోంచి ఆవిడ గొంతు ఎవరితోనో మాట్లాడుతూ వినబడేది. ఆ అరగంట అరపూట అయితే బాగుండునని రోజూ అనుకునేవాణ్ణి. ఏడాదిన్నర పాటు మా ఇద్దరి మధ్యా నడిచిన సంభాషణంతా సుద్దముక్కలూ, అర్ధసంవత్సర పరీక్షలూ, ఐదో తరగతి వాళ్ళ అల్లరీ. దాన్ని ఇప్పుడేమంటారో నాకు తెలియదు, అప్పుడు మాత్రం దానికి పేరు లేదు.

వేసవిలో నీళ్ళు తగ్గితే పడవ ఇసుక మేటకి తగులుకునేది, అందరం దిగి చెప్పులు చేత్తో పట్టుకుని ఆ ఇసుకలో నడవాల్సి వచ్చేది. అలాంటి ఒకనాడు, నలుగురికీ కాస్త వెనకబడి, మధ్యలో మరో మనిషి పట్టేంత దూరం ఉంచుకుని నడుస్తూ, మా పెద్దవాళ్ళని మీ ఇంటికి పంపితే మీకు అభ్యంతరమా అని అడిగాను. ఆవిడ ఇసుకకేసి చూస్తూనే అన్నారు, “మా అమ్మకి ఇంట్లో పేరు లేదండీ. మా నాన్నగారు ఒసే అంటే పలుకుతుంది, అంతే. పెళ్ళయ్యాక కూడా మీరు నన్ను ఇలాగే పిలుస్తారాండీ?” ఆవిడ అడిగింది అదొక్కటే. చీరలడగలేదు, బదిలీ అడగలేదు. “పిలుస్తానండి” అన్నాను. అంత తేలిగ్గా నేను మరే మాటా ఇవ్వలేదు.

పెళ్ళయి మా ఇంటికి వచ్చిననాడు మా అక్కచెల్లెళ్ళు గుమ్మంలో అడ్డం నిలబడి పేర్లు చెప్పమన్నారు. మీ ఇళ్ళలోనూ ఉండే సరదాయే. నేను నోరు జారి, టీచరు గారూ నేనూ వచ్చాం అనేశాను. ఇల్లంతా గొల్లుమంది. ఆ నవ్వు అక్కడితో ఆగితే బాగుండేది, కానీ నేను ఆవిణ్ణి మీరు అన్నప్పుడల్లా వంటింట్లో మా అమ్మ మూతి తిప్పుకునేది, పిన్నులు ఒకరినొకరు గిల్లుకునేవాళ్ళు. పదోరోజున అరుగు మీద మేనమామలు పేకాడుతుంటే నేనూ కూర్చున్నాను. కాఫీలు ఇంకా రాలేదు. కాస్త కాఫీ పంపిస్తారా అండీ అని లోపలికి కేకేశాను. మా పెద్ద మామయ్య ముక్కలు దింపి, “ఏంట్రా, ఇంట్లో కూడా నీ చేత హాజరు పలికిస్తోందేంట్రా?” అన్నాడు. నాకు మొహం కందగడ్డయిపోయింది. మగవాణ్ణని రుజువు చేసుకోవడానికి నాకు దొరికిన దారి అదొక్కటే కాబోలు, “ఒసేయ్, కాఫీ తే!” అని గట్టిగా అరిచాను. మామయ్య నా భుజం తట్టాడు.

ఆవిడ కాఫీ తెచ్చింది. అందరికీ ఇచ్చి, చివర్న నాకు అందిస్తూ, ఇదిగోనండి అంది. కోపం లేదు, కన్నీళ్ళు లేవు, నా మొహంకేసి చూడనైనా చూడలేదు. సోమవారం పడవ దిగాక, ఎవరూ వినకుండా, గొడుగు నేను పట్టుకోనా అండీ అని అడిగాను. ఆవిడ ఆగి, మామూలు గొంతుతోనే, “ఇక్కడ కూడా నువ్వనే అనేయండి. ఇంట్లో ఒకలా, ఇక్కడ ఒకలా అయితే నాకు కష్టం” అంది. అప్పుడైనా క్షమించమని అడగాల్సింది. అడగలేదు. ఇంట్లో మళ్ళీ మీరు అనే ధైర్యం లేక, బళ్ళో కూడా నువ్వు అనడం మొదలుపెట్టాను. హెడ్మాస్టారు ఆవిణ్ణి మీరు అనేవారు, పడవవాడు అమ్మగారూ అనేవాడు, పిల్లల తండ్రులు చేతులు కట్టుకుని నిలబడేవాళ్ళు. ఆవిడకి ఆ మాత్రం మర్యాద ఇవ్వనివాణ్ణి ఆ లంక మొత్తం మీద నేనొక్కణ్ణే. ఆవిడ ఆ సంగతి తర్వాత ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే పోట్లాడుకునేవాళ్ళం, ఎలాగో తేలిపోయేది.

మనవరాలు వచ్చి వెళ్ళిన మర్నాడు మధ్యాహ్నం మేమిద్దరమే ఉన్నాం. ఆవిడ ఎప్పటిలాగే నాకు వడ్డించి పక్కన నిలబడింది. పొద్దుటినుంచీ మనసులో అనుకుంటున్న మాటే, గొంతు సవరించుకుని, “మీరు కూడా కూర్చోండి” అన్నాను. ఆవిడ చటుక్కున పైట సర్దుకుని, వెనక్కి తిరిగి గుమ్మంకేసి చూసింది.

“ఎవరొచ్చారండీ?” అంది.

“ఎవరూ లేరు, నిన్నే” అనేశాను.

ఆవిడ నవ్వి, పెరుగు తేవడానికి లోపలికి వెళ్ళింది. ఈ కాలం పిల్లలు నలుగురి ఎదుట, పెద్దవాళ్ళ ఎదుట, ఒకరినొకరు తమకు నచ్చినట్టు ఎంత సులువుగా పిలుచుకుంటున్నారో, ఎవరు నవ్వుతారోనన్న బెదురే లేదు వాళ్ళకి. నన్ను చూసి నవ్వినవాళ్ళు ఒక్కరూ ఇప్పుడు మిగల్లేదు, అయినా ఎవరూ లేని ఇంట్లో కూడా నాకు నోరు తిరగడం లేదు.