బ్యాటరీకి పట్టించిన గంగాబొండం

“బ్యాటరీ ముసలిదైపోయిందంటున్నాడండి వీర్రాజు. మార్చేద్దామా, ఇంకొన్నాళ్ళు లాగుద్దా?”

“సాయంత్రం వచ్చి చెప్తాలే. అందాకా ముట్టుకోకు.”

మా ఆయనకీ నాకూ మధ్య ఆఖరి మాటలివి. తోటలో కాయలు దింపించడానికి వెళ్ళారు, అక్కడే గుండె ఆగింది. మొగుడూ పెళ్ళాల ఆఖరి మాటలంటే ఎంత గొప్పగా ఉండాలి! మాకేమో అంబాసిడర్ కారు బ్యాటరీ మిగిలింది. ఆ మాట పట్టుకుని నేను చేసిన నిర్వాకానికి ఒక పెళ్ళికొడుకు పట్టుపంచె ఎగ్గట్టి గోదావరి మీద కారు తోయాల్సొచ్చింది. నవ్వేవాళ్ళు ఇప్పుడే కాస్త ఊపిరి తీసుకోండి.

మరుసటి ఏడు మా మరిది కొడుకు బుజ్జికి నరసాపురం పిల్లతో పెళ్ళి కుదిరింది. వాడిని తన కారులోనే పెళ్ళికి తీసుకెళ్తానని ఆయన వాడి చిన్నప్పుడే మాటిచ్చారు. మనిషి లేకపోయినా ఆ మాట నిలబడాలని నా పంతం. మరి బ్యాటరీ? మార్చమని ఆయన చెప్పలేదు. వద్దనీ చెప్పలేదు. సాయంత్రం దాకా ముట్టుకోవద్దన్నారు. ఏ సాయంత్రం దాకా? చదువుకున్నవాళ్ళు మీరే చెప్పండి.

అందరినీ అడిగాను. అదే తప్పు.

“మార్చెయ్యాలండి అమ్మగారూ. పొద్దున్నే తాళం తిప్పితే ఉబ్బసం ముసలాయనలా దగ్గుతోందండి,” అన్నాడు డ్రైవరు వీర్రాజు.

“దీపాలు వెలుగుతున్నాయా లేదా? హారను మోగుతోందా లేదా? ఇంకేం కావాలొదినా?” అన్నాడు మా మరిది.

రాజోలు మెకానిక్కు మూతలు తిప్పి లోపలికి చూశాడు. “నీళ్ళు అడుగంటేయండి. కాలవ నీళ్ళు, బోరు నీళ్ళు పనికిరావండి. శుద్ధమైన నీళ్ళే పొయ్యాలండి, కొట్లో దొరుకుతాయి.”

“పోస్తే బతుకుద్దా?”

“బతకొచ్చండి. బతక్కపోవచ్చండి.”

ఆ మాటతో నా బుర్ర పిండి రుబ్బే రోలైపోయింది. ఇంటికొచ్చి ఆలోచించాను. కొట్లో నీళ్ళు ఎవరు పట్టారో, ఏ చేత్తో పట్టారో! మనిషి చెయ్యి పడనివి, దేవుడికి అభిషేకం చేసేవి, నా దొడ్లోనే చెట్టుకి వేలాడుతున్నాయి కదా? పైగా నీరసపడ్డ మనిషికి బొండం తాగించని ఇల్లు మా కోనసీమలో ఉందా? పెళ్ళినాడు పొద్దున్నే లేత గంగాబొండాలు కొట్టించి, గుడ్డలో వడగట్టి, చంటిపిల్లకి ఉగ్గుపోసినట్టు ఒక్కో కన్నంలో పోశాను. నీళ్ళు పోస్తే ముట్టుకున్నట్టు కాదు కదా!

వీర్రాజు తాళం తిప్పాడు. బండి బుర్రుమంది!

“ఏం చేసేరండి అమ్మగారూ?”

“వైద్యం,” అన్నాను గొప్పగా.

పెళ్ళికొడుకు ముందు సీట్లో, మా మరిదీ తోడికోడలూ నేనూ వెనక సీట్లో. సఖినేటిపల్లి రేవులో బళ్ళనీ మనుషుల్నీ దాటించే పంటు ఎక్కాం. మాదే ముందు బండి. మా వెనక అరటిగెలల లారీ. వీర్రాజు ఇంజను ఆపేశాడు. అవతలి ఒడ్డు వచ్చింది, బళ్ళు దిగే బల్ల దించారు. వీర్రాజు తాళం తిప్పాడు.

టిక్.

మళ్ళీ టిక్. తర్వాత టిక్ కూడా లేదు.

“కారు తియ్యండి బాబూ! ఇది రేవండి, మీ వీధరుగు కాదు!” అని పంటు నడిపే సరంగు కేక. వెనక లారీ హారను. ఒడ్డు మీద ఎక్కడానికి నిలబడ్డవాళ్ళ గోల. పెళ్ళికొడుకు దిగి భుజం ఆనించాడు. బుగ్గచుక్క చెమటకి కరిగి గడ్డం దాకా వచ్చింది. ముందు చక్రాలు బల్ల దిగి తడి ఇసకలో కూరుకున్నాయి, ఆపైన కదిలితే ఒట్టు.

“ముహూర్తానికి ఇంకెంతసేపో తెలుసా?” అని మరిది నెత్తి కొట్టుకుంటున్నాడు.

వీర్రాజు బానెట్ ఎత్తి, మూత తిప్పి, వాసన చూశాడు. “ఏం పోసేరండి ఇందులో?”

“శుద్ధమైన నీళ్ళే. మన దొడ్లో గంగాబొండం.”

పంటు మీదున్నవాళ్ళంతా వచ్చి బానెట్‌లోకి తొంగిచూశారు. తర్వాత సరంగు తీరిగ్గా అన్నాడు: “లేత కొబ్బరి కూడా వెయ్యాల్సిందండి, బలంగా ఉండేది.”

గోదావరి కూడా నవ్వినట్టే ఉంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. బుజ్జి ముహూర్తం తప్పితే ఆయన మాటకి తలవంపులు తెచ్చినదాన్ని నేనే.

బుజ్జి నా దగ్గరకొచ్చాడు. “పెద్దమ్మా, పెదనాన్న ఉంటే ఇప్పుడేమనేవారు?”

“ఏమో నాయనా. సాయంత్రం వచ్చి చెప్తాననేవారు.”

వాడు నవ్వాడు చూడండి, ఆ నవ్వుకి లారీవాళ్ళు, సరంగు, ఎక్కడానికి వచ్చినవాళ్ళు అందరూ వచ్చి కారు మీద చేతులేశారు. ఒడ్డెక్కించి, లారీకి తాడు కట్టారు. పెళ్ళికొడుకు లారీ ఎక్కనంటే ఎక్కనన్నాడు. వెనక ఈడ్చుకొస్తున్న పెదనాన్న కారులోనే, అరటిగెలల్ని చూసుకుంటూ, సరిగ్గా ముహూర్తానికి పెళ్ళిపందిట్లో దిగాడు.

మర్నాడు సాయంత్రం నరసాపురంలోనే కొత్త బ్యాటరీ వేయించాను. సాయంత్రమే వేయించాను.

అందుకని ఐనవిల్లి వినాయకుడి మీద ఒట్టేసి చెప్తున్నాను: ఇక నా ప్రాణం ఉన్నంతవరకూ ఊపిరున్నవాళ్ళకే బొండం పడతాను. బ్యాటరీలకీ, గోడ గడియారాలకీ, టీవీ రిమోట్లకీ ఎంత నీరసమొచ్చినా చుక్క పొయ్యను.

ఏమే అమ్మాజీ, మేనత్త కథ రాస్తూ ఇంత నవ్వుతావా? ఆయ్, రాసింది చాల్లే. ఇప్పుడు మొదట్నించీ చదివి వినిపించు. ఆయన మాట ఉంది చూడు, అది కాస్త మెల్లిగా చదువు.